ఎముక క్యాన్సర్‌లో ఆపరేషన్‌కు ముందు కీమో, రేడియేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "గడ్డ కళ్ల ముందు కనిపిస్తుంటే వెంటనే తీసేయక, నెలల తరబడి ఈ కీమో ఏమిటి?" రెండు రోజులు పోయాక ఇంకోటి మొదలవుతుంది: "కీమోతో పాటు రేడియేషన్ కూడా ఇచ్చేస్తే త్వరగా కరిగిపోతుంది కదా, ఎందుకు ఇవ్వట్లేదు?" కొందరిది సరిగ్గా దీనికి ఎదురు: "పక్క బెడ్ అబ్బాయికి కీమో ఒక్కటే, మావాడికి రేడియేషన్ కూడా అంటున్నారు, అంటే మావాడిది ముదిరిపోయిందా?" ఈ మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది: ఆ గడ్డ ఏ రకం, ఏ ఎముకలో ఉంది. కింద రాసినదంతా ఆ రెంటి చుట్టూ తిరిగేదే. ఇది చదివి చికిత్స మార్చుకోమని కాదు. డాక్టర్ గదిలో టెన్షన్‌తో కూర్చున్నప్పుడు చెప్పేది కాస్త తలకెక్కడానికి.

ఎముక క్యాన్సర్లన్నీ ఒకటే కాదా?

కాదు. ఎముకలోనే పుట్టింది వేరు. రొమ్ములోనో ప్రోస్టేట్‌లోనో ఊపిరితిత్తుల్లోనో పుట్టి ఎముకకు పాకింది వేరు. పెద్దవాళ్లలో ఎక్కువగా చూసేది ఈ రెండోదాన్నే. దాని లెక్క పూర్తిగా వేరు కాబట్టి విడిగా ఒక ప్రశ్నలో చెప్తాను.

ఎముకలో పుట్టేవాటిలో తరచూ వినిపించే పేర్లు మూడు (సార్కోమా అంటే ఎముక, కండ లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్). ఆస్టియోసార్కోమా ఎముకలు చకచకా పెరిగే వయసులో, అంటే పది నుంచి ఇరవై ఏళ్ల మధ్య ఎక్కువ. మోకాలికి కాస్త పైనో కిందో వస్తుంది, ఆ తర్వాత భుజం దగ్గర. యూయింగ్ సార్కోమా కూడా పిల్లల్లో, యువతలోనే ఎక్కువ. కటి ఎముక, పక్కటెముకలు, తొడ ఎముక దానికి అలవాటైన చోట్లు. మృదులాస్థి నుంచి పుట్టే కాండ్రోసార్కోమా నడివయసులోనూ ఆ పైనా వస్తుంది.

యూయింగ్ కీమోకూ రేడియేషన్‌కూ రెంటికీ లొంగుతుంది. ఆస్టియోసార్కోమా కీమోకు లొంగుతుంది కానీ రేడియేషన్ దగ్గర మొండికేస్తుంది. మామూలు కాండ్రోసార్కోమా రెంటినీ పెద్దగా లెక్కచేయదు, దానికి ఆపరేషనే దిక్కు. (అందులో మెసెంకైమల్ అనే అరుదైన రకం ఉంది, దానికి మాత్రం యూయింగ్ తరహా కీమో ఇస్తారు.) పక్క బెడ్ అబ్బాయితో పోల్చుకునే ముందు ఈ తేడా చూసుకోవాలి.

ముందు ఆపరేషన్ చేసి తర్వాత కీమో ఇవ్వకూడదా?

స్కాన్‌లో గడ్డ ఒకచోటే కనిపించినా, చాలామందిలో అప్పటికే కొన్ని కణాలు రక్తంలో పడి ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. స్కాన్‌కు అందనంత చిన్నవి. కీమో లేని రోజుల్లో ఆస్టియోసార్కోమాకు కాలు మొత్తం తీసేసినా, ఎక్కువమందికి కొద్ది నెలల్లోనో ఏడాదిలోనో ఊపిరితిత్తుల్లో మచ్చలు తేలేవి. 1986లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటి ఈ విషయాన్ని అంకెల్లో చూపించింది. ఆపరేషన్ మాత్రమే చేసినవాళ్లలో రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది నూటికి 17 మంది. కీమో కూడా తీసుకున్నవాళ్లలో 66 మంది. ఆ దెబ్బతో "కీమో అవసరమా" అన్న చర్చ ముగిసింది.

ఇక "ముందే ఎందుకు" అన్నది. దీని వెనక ఒక సరదా సంగతి ఉంది. 1970లలో న్యూయార్క్‌లో కాలు తీసేయకుండా, జబ్బు ఉన్న ఎముక స్థానంలో లోహపు ఎముకను అమర్చడం మొదలుపెట్టారు. అది ఒక్కొక్కరి కొలతకు ప్రత్యేకంగా తయారై రావాలి, అందుకు నెలలు పట్టేది. ఆ ఖాళీలో ఊరికే కూర్చోకుండా కీమో ఇవ్వసాగారు. తీరా ఆపరేషన్ అయ్యాక గడ్డను మైక్రోస్కోప్ కింద పెడితే, మందుకు ఎంత భాగం చచ్చిందో కళ్లకు కట్టింది. అవసరం కొద్దీ పుట్టిన వరస అలా స్థిరపడిపోయింది.

దాచకుండా చెప్పాలంటే, ఆస్టియోసార్కోమాలో ముందు కీమో ఇచ్చి ఆపరేషన్ చేసినా, ముందే ఆపరేషన్ చేసి కీమో అంతా తర్వాత ఇచ్చినా ఫలితంలో తేడా కనిపించలేదని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. అంటే ముందు కీమో వల్ల ప్రాణం ఎక్కువ నిలుస్తుందని కాదు. సర్జన్‌కు ప్లాన్ వేసుకునే సమయం దొరుకుతుంది, గడ్డ చుట్టూ అంచు గట్టిపడి తీయడం తేలికవుతుంది, మందు పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఏ కారణం చేతనైనా మీవాళ్లకు ముందే ఆపరేషన్ చేయాల్సి వస్తే, "కీమో ముందు పడలేదు, అయిపోయింది" అని దిగులుపడకండి. కీమో పూర్తిగా పడటం ముఖ్యం.

మరి రేడియేషన్ ఎవరికి ఇస్తారు?

ఎముకలో పుట్టిన క్యాన్సర్‌కు ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ అంటే ఎక్కువగా యూయింగ్ సార్కోమా గురించే మాట్లాడుతున్నట్టు. 1921లో జేమ్స్ యూయింగ్ ఈ జబ్బును మొదట వర్ణించినప్పుడే ఇది రేడియేషన్‌కు తగ్గుతుందని గమనించాడు. చాలాకాలం రేడియేషన్ ఒక్కటే దీనికి చికిత్సగా నడిచింది. గడ్డ కరిగేది, కానీ జబ్బు ఊపిరితిత్తుల్లో, వేరే ఎముకల్లో తేలేది. కీమో వచ్చాకే కథ మారింది.

ఇప్పటి వరస ఇలా ఉంటుంది. మొదట సుమారు మూడు నెలలు కీమో. చాలా చోట్ల విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఒకసారి, ఐఫాస్ఫమైడ్, ఎటోపొసైడ్ ఇంకోసారి, రెండు వారాలకు ఒకటి చొప్పున మార్చి మార్చి ఇస్తారు. పన్నెండు పదమూడు వారాల దగ్గర మళ్లీ స్కాన్లు తీసి, గడ్డ ఉన్న చోటును ఏం చేయాలో నిర్ణయిస్తారు: ఆపరేషనా, రేడియేషనా, రెండూనా. ఆ తర్వాత మిగిలిన కీమో.

చేయి, కాలు, పక్కటెముక లాంటి చోట గడ్డను చుట్టూ కాస్త మంచి కండతో సహా శుభ్రంగా తీసేయగలిగితే ఆపరేషన్‌తో సరిపెడతారు. అసలు తీయలేని చోట, ఉదాహరణకు వెన్నుపూసల్లో, ఆపరేషన్ లేకుండా రేడియేషన్ మీదే ఆధారపడతారు. ఈ రెంటికీ మధ్య ఒక ఇబ్బందికరమైన జాగా ఉంది: తీయొచ్చు, కానీ అంచులో కణాలు మిగిలిపోతాయేమోనన్న భయం. కటి ఎముక దీనికి పెట్టింది పేరు. పక్కనే మూత్రాశయం, పేగులు, కాలికి వెళ్లే పెద్ద నరాలు ఉంటాయి. సర్జన్ కత్తికి చోటుండదు. అలాంటప్పుడు ముందే రేడియేషన్ ఇచ్చి, అంచులో ఉన్న కణాలను చంపి, ఆ తర్వాత ఆపరేషన్‌కు వెళ్లడం ఒక దారి. కాబట్టి రేడియేషన్ కూడా అన్నారంటే జబ్బు ముదిరిందనే అర్థం రానక్కర్లేదు. చాలాసార్లు గడ్డ ఉన్న చోటు ఇబ్బందికరమైనదని మాత్రమే.

ఆస్టియోసార్కోమాకు అసలు రేడియేషనే ఇవ్వరా?

మామూలుగా ఇవ్వరు, ఆపరేషన్‌కు ముందు అసలే అరుదు. ఒకప్పుడు ప్రయత్నించారు. 1970లు, 80లలో లాస్ ఏంజెలెస్‌లో సార్కోమా గడ్డకు రక్తం తీసుకెళ్లే ధమనిలోకే డాక్సోరుబిసిన్ ఎక్కించి, వెంటనే పది విడతల్లో 35 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం) రేడియేషన్ ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషన్ చేసేవారు. గడ్డ బాగానే చచ్చేది. కానీ గాయాలు మానకపోవడం, ఎముకలు విరగడం ఎక్కువై, మోతాదు తగ్గించాల్సి వచ్చింది. ఈలోగా నరానికి ఎక్కించే కీమో మెరుగుపడి, ఆస్టియోసార్కోమాలో రేడియేషన్ అవసరం చాలావరకు తప్పింది.

ఇప్పుడు గడ్డ తీయలేని చోట ఉంటేనో, తీశాక అంచులో కణాలు మిగిలితేనో వాడతారు. అప్పుడు కూడా మోతాదు ఎక్కువే కావాలి. ఆ మోతాదును పక్కనున్న అవయవాలకు తగలకుండా ఇవ్వడానికి కొన్ని చోట్ల ప్రోటాన్, కార్బన్ కిరణాలు వాడుతున్నారు. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి కార్బన్‌తో చికిత్స చేస్తున్నారు. వెన్నెముక కింది చివర ఉండే త్రికం ఎముకలో వచ్చే కార్డోమా లాంటి మొండి గడ్డలకు అది బాగా ఉపయోగపడింది. చక్కగా తీసేయగలిగిన మోకాలి గడ్డకు మాత్రం కార్బన్ కోసం దేశాలు తిరగాల్సిన పని లేదు.

కీమో, రేడియేషన్ "కలిపి" అంటే ఒకే రోజు రెండూ ఇస్తారా?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. "కలిపి" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, మొత్తం చికిత్సలో రెండూ ఉండటం. ఇంకోటి, రేడియేషన్ నడుస్తున్న వారాల్లోనే కీమో కూడా ఆపకుండా ఇవ్వడం. యూయింగ్‌లో రెండోది కూడా జరుగుతుంది, ఎందుకంటే ఐదారు వారాలు కీమో ఆపేస్తే ఊపిరితిత్తుల్లో దాక్కున్న కణాలకు తెరిపి ఇచ్చినట్టవుతుంది.

కానీ మందులన్నీ అలా కలవవు. డాక్సోరుబిసిన్, ఆక్టినోమైసిన్-డి అనే రెండు మందులు రేడియేషన్ పడిన చోట చర్మాన్ని, లోపలి పొరలను మామూలు కంటే ఎక్కువగా దెబ్బతీస్తాయి. అంతటితో ఆగవు: రేడియేషన్ అయిపోయి వారాలు గడిచాక ఈ మందు ఎక్కించినా, అప్పుడు రేడియేషన్ పడిన చోటు మళ్లీ ఎర్రబడి బొబ్బలెక్కవచ్చు. శరీరం పాత దెబ్బను గుర్తుపెట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే రేడియేషన్ రోజుల్లో ఈ రెంటినీ ఆపి, మిగిలినవాటితో కీమో నడుపుతారు. మీ చార్టులో ఆ వారాల్లో డాక్సోరుబిసిన్ కనిపించకపోతే అది మరచిపోయి కాదు.

కటి ఎముకకు రేడియేషన్ పడుతుంటే ఇంకో సంగతి. ఒంట్లో రక్తం తయారయ్యే మజ్జలో చాలా భాగం అక్కడే ఉంటుంది. కీమో, రేడియేషన్ రెండూ పడితే కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, మరీ కిందికి పడిపోతాయి. ఒక సైకిల్ (ఒక విడత కీమో) వారం వెనక్కి జరగడం అప్పుడు మామూలే.

రేడియేషన్ ఆపరేషన్‌కు ముందా, తర్వాతా? ఏది మంచిది?

దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. రెంటికీ ధర ఉంది.

ముందు ఇస్తే గడ్డ ఇంకా ఉన్నచోటే ఉంటుంది కాబట్టి గురి సులువు, మోతాదు తక్కువ చాలు, కిరణాలు పడే జాగా చిన్నది. తర్వాత ఇస్తే సర్జన్ చేయి తగిలిన ప్రతి చోటునూ కలుపుకోవాలి. పైగా లోపల పెట్టిన లోహం వల్ల స్కాన్ మసకబారి, లెక్క కట్టడం కష్టమవుతుంది. కానీ ముందు రేడియేషన్ పడిన చర్మం కుట్లు వేశాక త్వరగా మానదు.

ఎంత తేడా ఉంటుందో చూపించే మంచి లెక్క ఒకటి ఉంది. అది ఎముకది కాదు, చేతులు, కాళ్ల కండల్లో వచ్చే సార్కోమాది. 2002లో కెనడా నుంచి వచ్చిన ఆ అధ్యయనంలో 190 మందిని తీసుకుని, సగం మందికి ఆపరేషన్‌కు ముందు 50 గ్రే, మిగతా సగానికి తర్వాత 66 గ్రే ఇచ్చేలా విభజించారు. గాయం మానక తిప్పలు పడినవాళ్లు ముందు ఇచ్చినవాళ్లలో నూటికి 35, తర్వాత ఇచ్చినవాళ్లలో 17. అయితే తర్వాత ఎక్కువ మోతాదు పడినవాళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ కండ బిగుసుకుపోవడం, కీలు పట్టేయడం ఎక్కువ కనిపించింది. మొదటిది కొన్ని నెలల కష్టం. రెండోది జీవితాంతం ఉండేది. నన్నడిగితే, కుట్లు మానడం ఆలస్యమైనా ఓర్చుకోవచ్చు. కానీ ఎముక క్యాన్సర్‌లో గాయం మానకపోతే మిగిలిన కీమో కూడా ఆగిపోతుంది, అది చిన్న విషయం కాదు. అందుకే ఈ నిర్ణయం సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తీసుకోవాలి. ముగ్గురూ మాట్లాడుకున్నారా అని అడగడానికి మొహమాటపడకండి.

రేడియేషన్ అయ్యాక ఎన్నాళ్లకు ఆపరేషన్?

సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. చర్మం ఎరుపు తగ్గాలి, కౌంట్స్ పెరగాలి. మరీ ఆలస్యమైతే లోపల మచ్చ కట్టి కోయడం కష్టమవుతుంది. ఆపరేషన్ తర్వాత గాయం మానుతోందనుకోగానే, రెండు మూడు వారాల్లో కీమో మళ్లీ మొదలు.

రేడియేషన్ రోజు ఏం జరుగుతుంది? కరెంటు పెట్టడం అంటే భయంగా ఉంది.

చాలామంది "కరెంటు పెట్టడం" అంటారు గానీ కరెంటుకూ దీనికీ సంబంధం లేదు, షాక్ ఉండదు. ఎక్స్‌రే తీయించుకున్నట్టే ఉంటుంది, కాకపోతే కాస్త ఎక్కువసేపు. మొదట ఒక రోజు సీటీ స్కాన్ తీసి, కాలో నడుమో కదలకుండా ఒక అచ్చు తయారుచేస్తారు, చర్మం మీద చిన్న చుక్కలు పెడతారు. ఆ చుక్కలను చెరపకూడదు. తర్వాత వారానికి ఐదు రోజులు వెళ్లాలి. బల్ల మీద ఉండేది పది పదిహేను నిమిషాలు, అందులో కిరణం పడేది కొద్ది నిమిషాలే. రోజుకు 1.8 గ్రే చొప్పున ఇస్తూ పోతారు. యూయింగ్‌లో ఆపరేషన్ లేకుండా రేడియేషన్ ఒక్కటే అయితే మొత్తం 55 గ్రే దాకా వెళ్తారు. ఆపరేషన్ కూడా ఉంటే సాధారణంగా అంతకంటే తగ్గిస్తారు.

ఇంటికొచ్చాక పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు. బయటి నుంచి ఇచ్చే ఈ రేడియేషన్ ఒంట్లో మిగిలిపోదు. కాలికి ఇచ్చేటప్పుడు చుట్టూ అంతా కాకుండా ఒక పక్క చర్మాన్ని వదిలేస్తారు, లేకపోతే కాలు శాశ్వతంగా వాచిపోతుంది. రేడియేషన్ పడే చోట వేడి నీళ్ల కాపడం, బిగుతు బట్టలు, సొంతంగా కొన్న క్రీములు వద్దు.

బయాప్సీ ఎక్కడ చేయించుకున్నా ఒకటే కదా?

ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: ఒకటే కాదు. సూది దిగిన దారి పొడవునా కణాలు అంటుకుని ఉండొచ్చని లెక్క. అసలు ఆపరేషన్‌లో ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసేయాలి, లేదా రేడియేషన్ పరిధిలోకి తేవాలి. ఎవరో తోచిన చోట అడ్డంగా కోసి ముక్క తీస్తే, నిలబెట్టుకోగలిగిన కాలు కూడా పోవచ్చు. అందుకే చివరి ఆపరేషన్ చేయబోయే సర్జనే బయాప్సీ చేయాలి, లేదా ఆయన చెప్పిన చోటే చేయించాలి. ఎక్స్‌రేలో అనుమానం రాగానే "ముందు ముక్క పరీక్ష చేయించేద్దాం" అని తొందరపడటం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

కీమో మధ్యలో జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొచ్చా?

వద్దు. కీమో ఎక్కాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ జ్వరం ఉంటే అది ఎమర్జెన్సీ. రాత్రి రెండింటికైనా ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర వేస్తే జ్వరం దిగి, లోపల ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూ పోతుంది.

మెథోట్రెక్సేట్ ఎక్కించేటప్పుడు ఇన్ని జాగ్రత్తలు ఎందుకు?

ఆస్టియోసార్కోమాలో ఇచ్చే మోతాదు అలాంటిది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 12 గ్రాముల లెక్కన నాలుగు గంటల్లో ఎక్కిస్తారు. విరుగుడు లేకపోతే ఆ మోతాదు ప్రాణం తీస్తుంది. మందు మొదలైన 24 గంటలకు ల్యూకోవోరిన్ అనే విరుగుడు మొదలుపెట్టి, రక్తంలో మందు స్థాయి సురక్షితమైన అంకెకు దిగేదాకా ఇస్తూనే ఉంటారు. నీళ్లు బాగా ఎక్కించడం, మూత్రం క్షార గుణంలో ఉందో లేదో పదే పదే చూడటం, అన్నీ మూత్రపిండాల గుండా మందు బయటికి పోవడానికే.

ఇంట్లో మనం మామూలుగా వేసుకునే మాత్రలు కొన్ని మందు బయటికి పోకుండా అడ్డుపడతాయి: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఎసిడిటీకి వేసే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, యాంటీబయాటిక్స్‌లో కోట్రైమాక్సజోల్. ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్ మాత్రలైతే మందు బలాన్నే తగ్గించవచ్చు. "బలానికి మంచిది" అని చుట్టాలు తెచ్చిన పొడులు, కషాయాలు కూడా డాక్టర్‌కు చూపించాకే.

మిగతా మందుల సంగతి క్లుప్తంగా. డాక్సోరుబిసిన్ ఎక్కాక మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కాదు, మందు రంగు. కానీ ఆ మందు గుండెను బలహీనపరచగలదు, అందుకే మధ్యమధ్యలో ఎకో (గుండె స్కాన్). సిస్‌ప్లాటిన్‌తో చెవుల్లో హోరు మొదలైతే వెంటనే చెప్పాలి, పోయిన వినికిడి తిరిగి రాదు. ఐఫాస్ఫమైడ్ ఎక్కుతుండగా మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, మరీ మత్తుగా పడి ఉన్నా నర్సును పిలవండి; అది నీరసం కాకపోవచ్చు.

రెండు సైకిళ్లయ్యాక గడ్డ తగ్గలేదు, కొలిస్తే కాస్త పెరిగినట్టే ఉంది. కీమో పనిచేయట్లేదా?

కొలత ఒక్కటే చూసి చెప్పలేం. ఆస్టియోసార్కోమా కణాలు తమ చుట్టూ ఎముకను తయారుచేసుకుంటాయి. కణాలు చచ్చినా ఆ ఎముక అక్కడే ఉంటుంది. లోపల నీరు, రక్తం చేరి వాపు పెరగొచ్చు కూడా. నొప్పి తగ్గడం, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ దిగడం మంచి గుర్తులు. యూయింగ్ వేరు, ఎముక బయటికి ఉబికిన మెత్తటి భాగం కొద్ది వారాల్లోనే చెప్పుకోదగ్గంత కరుగుతుంది.

నొప్పి పూర్తిగా పోయింది, ఇక ఆపరేషన్ మానేస్తే?

నొప్పి పోవడం కీమో పనిచేస్తోందన్న గుర్తు మాత్రమే, గడ్డలో బతికి ఉన్న కణాలు లేవన్న గుర్తు కాదు. ఇక్కడ ఆగిపోయినవాళ్లలో జబ్బు తిరిగి లేస్తుంది, అప్పుడది మందులకు మొండిగా ఉంటుంది. ఇంకో ప్రమాదం, నొప్పి లేదని కాలి మీద బరువు పెట్టి నడవడం. గడ్డ తినేసిన ఎముక మెట్టు దిగుతుండగా విరిగిపోవచ్చు. చంక కర్రలు ఇచ్చింది అందుకే.

ఆపరేషన్ తర్వాత రిపోర్టులో "90 శాతం నెక్రోసిస్" అంటే?

తీసిన గడ్డలో కీమోకు చచ్చిన భాగం. ఆస్టియోసార్కోమాలో 90 శాతం, ఆ పైన ఉంటే మంచి స్పందన అంటారు, అలాంటివాళ్లకు ముందున్న దారి మెరుగ్గా ఉంటుంది. 70 అని వస్తే చాలామంది కుప్పకూలిపోతారు, మందు మార్చమని పట్టుబడతారు. ఆ ఆలోచననే పెద్ద ఎత్తున పరీక్షించారు. యూరామోస్-1 అనే అంతర్జాతీయ అధ్యయనంలో 2005 నుంచి 2011 వరకు 2,260 మందిని చేర్చుకుని, సరిగా స్పందించనివాళ్లలో కొందరికి ఐఫాస్ఫమైడ్, ఎటోపొసైడ్ అదనంగా ఇచ్చి చూశారు. లాభం కనిపించలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. కాబట్టి నెక్రోసిస్ తక్కువొచ్చినా డాక్టర్ పాత మందులే కొనసాగిస్తే, అది నిర్లక్ష్యం కాదు. ఒకచోటే ఉన్న ఆస్టియోసార్కోమాలో మొత్తం మీద నూటికి 60 నుంచి 70 మంది ఐదేళ్లు దాటుతున్నారు, వాళ్లలో 90 రానివాళ్లు కూడా ఉన్నారు.

కాలు తీసేస్తారా?

అనుభవం ఉన్న కేంద్రాల్లో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి కాలు నిలుస్తోంది. గడ్డ పెద్ద రక్తనాళాన్ని, నరాన్ని చుట్టేసుకుంటే మాత్రం తీయక తప్పకపోవచ్చు.

తీసిన ఎముక స్థానంలో లోహపు ఎముక పెట్టడం ఒక దారి. ఇంకో దారి గురించి చెప్తే చాలామంది నమ్మరు. గడ్డ ఉన్న ఎముక ముక్కను కోసి బయటికి తీసి, గడ్డనంతా గీకేసి, మనిషి ఆపరేషన్ బల్ల మీద ఉండగానే ఆ ముక్కకు ఒకే విడతలో 50 గ్రే రేడియేషన్ ఇచ్చి, తెచ్చి అక్కడే ప్లేట్లతో బిగిస్తారు. అంత మోతాదును ఒంట్లో ఉండగా ఒక్కసారిగా ఇవ్వలేం, బయట ఇవ్వొచ్చు. సొంత ఎముక కాబట్టి కొలత అచ్చంగా సరిపోతుంది. అయితే అది చచ్చిన ఎముక. రెండు పక్కలా అతుక్కోవడానికి నెలలు పడుతుంది, మధ్యలో విరగొచ్చు, చీము పట్టొచ్చు. ఎముక బాగా తినేసి పెళుసుగా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. కొందరు రేడియేషన్ బదులు ఆ ముక్కను ద్రవ నైట్రోజన్‌లో ముంచి కణాలను చంపుతారు.

ఎదిగే పిల్లలకు రేడియేషన్ పడితే?

కాలి పొడవులో ఎక్కువ భాగం మోకాలి చుట్టూ ఉన్న ఎదుగుదల పొరల నుంచే వస్తుంది. ఆ పొరకు రేడియేషన్ పడినా, ఆపరేషన్‌లో అది పోయినా ఆ కాలు పొట్టిగా ఉండిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు, పదహారేళ్ల కుర్రాడికి లెక్క వేరు. పిల్లలకు సాగదీయగల లోహపు ఎముకలు ఉన్నాయి. రేడియేషన్ పడిన చోట ఏళ్ల తర్వాత ఇంకో సార్కోమా రావడం అరుదే కానీ ఉంది. పిల్లల విషయంలో ఆపరేషన్‌తో సరిపెట్టగలిగితే సరిపెట్టాలని డాక్టర్లు చూసేది ఇందుకే.

ఇంకొకటి, సిగ్గుపడి ఎవరూ అడగరు గనక నేనే చెప్తున్నాను. ఈ కీమో మందులు, కటి రేడియేషన్ పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీయొచ్చు. యుక్తవయసు వచ్చిన అబ్బాయికి మొదటి కీమోకు ముందే వీర్యం దాచిపెట్టొచ్చు, ఒకటి రెండు రోజుల పని. అమ్మాయిలకు అండాలను, అండాశయపు ముక్కను దాచే పద్ధతులున్నాయి, వాటికి కాస్త ఎక్కువ సమయం కావాలి. కీమో మొదలయ్యాక ఈ అవకాశం దాదాపు పోయినట్టే. డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి, పిల్లవాడి ముందు ఇబ్బందైతే విడిగా అడగండి.

మా నాన్నగారికి వేరే చోటి నుంచి ఎముకకు పాకింది. ఆయనకూ ఇదే వరసా?

కాదు. అక్కడ రేడియేషన్ ఎక్కువగా నొప్పి తగ్గించడానికి. ఒకే విడతలో 8 గ్రే ఇచ్చినా చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఎముక విరిగేలా ఉంటే ముందు రాడ్ వేసి నిలబెట్టి, గాయం మానాక రేడియేషన్ ఇస్తారు. కీమోనా, హార్మోన్ మందులా అన్నది మొదట పుట్టిన చోటును బట్టి.

రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటే ఆలస్యమైపోతుందా?

నాలుగైదు రోజులతో కొంప మునగదు. రెండు నెలలు తిరిగితే మునుగుతుంది. ఈ జబ్బు అరుదు కాబట్టి, బయాప్సీ స్లైడ్లను సార్కోమాలు తరచూ చూసే పాథాలజిస్టు ఇంకోసారి చూడటం మంచిదే. యూయింగ్ అనుకున్నది వేరేదని తేలితే మందులూ రేడియేషనూ అన్నీ మారిపోతాయి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలు మాత్రమే పట్టుకెళ్తే పని కాదు. బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మలు, స్లైడ్లు, కీమోకు ముందు తీసిన ఎంఆర్ఐ సీడీ, ఇప్పటిదాకా ఏ రోజున ఏ మందు ఎంత ఎక్కిందో రాసిన చార్టు తీసుకెళ్లండి. ఆ మొదటి ఎంఆర్ఐ పోగొట్టుకోవద్దు. కీమోకు గడ్డ ఎంత కరిగినా, రేడియేషన్ ఎంత మేర ఇవ్వాలన్న లెక్క మొదలయ్యేది గడ్డ అప్పుడు ఎంతవరకు ఉందో అక్కడి నుంచే.